మట్టిలో పీచు కలపడం: పచ్చి ఇటుక నుంచి గోడ పూత దాకా

పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సీలింగ్ పని జరుగుతుంటే ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? పనివాడు బేసిన్‌లో తెల్ల ముద్ద కలుపుతాడు, అందులో గుప్పెడు కొబ్బరి పీచు ముంచి రెండుసార్లు పిసుకుతాడు, పైన వేలాడే కమ్మీకి చుట్టి అలా వదిలేస్తాడు. పది నిమిషాల్లో అది రాయిలా బిగుస్తుంది. పీచు లేని పీఓపీ ముక్కని చేత్తో వంచితే బిస్కెట్‌లా పుటుక్కున విరుగుతుంది, పీచున్నది విరిగినా ఊడి కిందపడదు, నారల మీద వేలాడుతూ ఉంటుంది. ఈ తేడా బుర్రకెక్కితే మిగతా గైడ్ అంతా సులువే. పీచు పని గోడకి బరువు మోసే శక్తి ఇవ్వడం కాదు, పగులు మొదలైన చోట దాన్ని పట్టి ఆపడం.

ఇది చెప్పడానికి కారణం ఉంది. పొలం దగ్గర పనిముట్ల గది కట్టుకుందామని మొదటిసారి దిగినప్పుడు నేను చేసిన తప్పు అదే. పీచు ఎంత ఎక్కువ వేస్తే ఇటుక అంత గట్టిగా వస్తుందనుకుని, అడుసులో చేతికొచ్చినంత వేసేశాను. ఆరాక ఆ ఇటుకలు తేలిగ్గా, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి కానీ అంచు పట్టుకుని ఎత్తితే పొరలు పొరలుగా ఊడొచ్చాయి. లోపల చూస్తే పీచు ఉండలు, వాటి చుట్టూ ఖాళీలు. నూట యాభై ఇటుకలు మళ్ళీ నీళ్ళలో వేసి తొక్కుకోవాల్సొచ్చింది (మట్టితో ఉన్న సుఖం ఇదొక్కటి, తప్పు చేసినా సరుకు వృథా పోదు).

ఏ నార తీసుకోవాలి

మీ ఊళ్ళో ఏది ఊరికే దొరుకుతుందో అదే సగం జవాబు. అయినా వాటి గుణాలు తెలిస్తే ఎక్కడ ఏది వాడాలో తేలుతుంది.

వరిగడ్డి అందరికీ తెలిసిందే. పచ్చి ఇటుకలకీ (అంటే బట్టీలో కాల్చకుండా ఆరబెట్టి వాడేవి), గోడ మొదటి పూతకీ ఇంతకంటే చవకైనది లేదు. గడ్డి బాగా ఎండి ఉండాలి. నల్లబడి బూజు పట్టినది, వాములో అడుగున తడిసి ముద్దయినది వద్దు.

కొబ్బరి పీచు కోనసీమ వాళ్ళకీ ఉద్దానం వాళ్ళకీ ఇంటి సరుకు. బలం లెక్కలో చూస్తే మిగతా నారల కంటే ఇది తక్కువే, జనపనార దీనికి రెండు మూడు రెట్లు ఉంటుంది. కానీ దీనికి రెండు గొప్ప గుణాలున్నాయి. ఒకటి, ఇందులో లిగ్నిన్ (నారని గట్టిగా పట్టి ఉంచే చెక్క పదార్థం) నూటికి నలభై పాళ్ళ దాకా ఉంటుంది, అందుకే తడికి మిగతావాటంత త్వరగా కుళ్ళదు. రెండోది, తెగే ముందు బాగా సాగుతుంది, పదిహేను నుంచి ముప్పై శాతం దాకా. జనపనార రెండు శాతం కూడా సాగకుండానే తెగుతుంది. పగులు నెమ్మదిగా తెరుచుకునే మట్టిలో సాగే పీచుకి ఉన్న విలువ వేరు. ఏది కొనాలో తేల్చుకోలేకపోతే నేను కొబ్బరి పీచే కొనమంటాను.

గోగునార, జనపనార సన్నగా ఉంటాయి కాబట్టి పూతల్లో బాగుంటాయి. మనవాళ్ళు జూట్‌నీ, జనుము నారనీ రెండిటినీ జనపనారే అంటారు, రెండూ వేరు వేరు మొక్కలు, కానీ మన పనికి ఏదైనా పర్లేదు. గోగు పంట శ్రీకాకుళం, విజయనగరం వైపు బాగా ఉండేది, ఆమదాలవలస పరిశోధన స్థానం నుంచి గోగు రకాలు కూడా వచ్చాయి. నార కొనే ఓపిక లేకపోతే పాత గోనెసంచులు విప్పి ముక్కలు చేసుకున్నా చాలు, కాకపోతే ఎరువుల మందులు, పురుగుమందులు మోసిన సంచులు వద్దు, ఉప్పు మోసినవి అసలు వద్దు.

కిత్తనార, అంటే పొలం గట్ల మీద ముళ్ళ మట్టలతో ఉండే రాకాసి మట్టల నార, చాలా గట్టిది. తీయడం మాత్రం చాకిరీ, మట్ట రసం చర్మానికి తగిలితే దురద. అరటి నార నేను వాడి చూశాను, మట్టిలో త్వరగా మెత్తబడిపోయింది, మళ్ళీ దాని జోలికి పోలేదు.

గోడల్లో నార కలపడం కొత్త సంగతేం కాదు. ఎల్లోరా గుహల గోడల మీద వేసిన మట్టి పూతలో గంజాయి మొక్క నార, తొక్కలు కలిపారని 2016లో పరిశోధకులు తేల్చారు. ఆ పూత పదిహేను వందల ఏళ్ళు నిలబడింది. గుహ లోపల వాన తగలదన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

ముందు మట్టి సంగతి తేల్చుకోండి

ఇక్కడ తొందరపడితే తర్వాత ఏ పీచూ కాపాడదు. పై అడుగు మట్టిలో వేర్లు, ఆకులు, కుళ్ళిన చెత్త ఉంటాయి కాబట్టి దాన్ని పక్కకి తీసి కింది మట్టి తవ్వుకోండి.

మొదటి పరీక్షకి ఖాళీ నీళ్ళ సీసా చాలు. మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి మూత పెట్టి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. నిమిషంలో ఇసుక అడుగుకి చేరుతుంది, గంట రెండు గంటల్లో దాని మీద ఒండ్రు (ఇసుక కంటే సన్నటి మట్టి), మర్నాటికి పైన నున్నటి బంక మట్టి పొర. స్కేలు పెట్టి కొలవండి. ఇసుక సగానికి పైన, బంక మట్టి ఐదో వంతు చుట్టుపక్కల ఉంటే మీ అదృష్టం. సీసాలో కొలత ఉజ్జాయింపే, బంక మట్టి నీళ్ళలో ఉబ్బి ఎక్కువగా కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని లెక్కలు వేయకండి.

అసలు నిజం చెప్పేది పెట్టె పరీక్ష. లోపలి కొలత 60 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 4 లోతు ఉండేలా చెక్కతో చిన్న పెట్టె చేయించండి. వడ్రంగికి పావుగంట పని. లోపల నూనె రాసి, తడి మట్టిని సందుల్లేకుండా కూరి, పైన చదును చేసి నీడలో వారం లేదా ఎండలో మూడు రోజులు ఉంచండి. ఆరాక మట్టి ముక్కలన్నిటినీ ఒక చివరికి తోసి, రెండో చివర ఎంత ఖాళీ వచ్చిందో కొలవండి. రెండు సెంటీమీటర్ల లోపైతే మంచి మట్టి. మూడు దాటితే పీచుతో సరిపెట్టుకోకండి, ఇసుక కలిపి మళ్ళీ పరీక్ష చేయండి. పీచు పగుళ్ళని పంచుతుంది, అంటే ఒక పెద్ద బీట బదులు కంటికి కనపడని సన్న గీతలు వంద వస్తాయి. మట్టి ముడుచుకోవడాన్ని మాత్రం పూర్తిగా ఆపలేదు.

నల్లరేగడి సంగతి విడిగా చెప్పాలి. వేసవిలో పొలంలో కాలు దూరేంత నెర్రెలు ఇస్తుంది కదా, అదే పని గోడలోనూ చేస్తుంది. నల్లరేగడి తప్ప వేరే మట్టి దొరకని చోట సగానికి పైగా ఇసుక కలపాల్సి వస్తుంది, అంత ఇసుక కొనేకన్నా ఎర్రమట్టి ట్రాక్టర్ ఒకటి తోలించుకోవడం నయం. తెల్లగా ఉప్పు పొర తేలే చవుడు నేల మట్టి కూడా గోడలకి వద్దు, పూత పొట్టు రాలుతుంది. పుట్టమన్ను దొరికితే మాత్రం పూతకి దాచుకోండి, నున్నగా భలే పట్టుకుంటుంది.

పెట్టె చేతిలో ఉండగానే పీచు మోతాదు కూడా తేల్చేసుకోండి. రెండు కిలోల పొడి మట్టి చొప్పున మూడు ముద్దలు కలపండి: ఒకటి వట్టి మట్టి, రెండోదానిలో 10 గ్రాముల పీచు, మూడోదానిలో 20 గ్రాములు. వంటింటి కాటా చాలు. మూడిటినీ ఆరబెట్టి పక్కపక్కన పెట్టి చూస్తే మీ మట్టికి ఎంత కావాలో అదే చెప్తుంది.

పీచు సిద్ధం చేయడం

కొబ్బరి పీచుని పరుపుల షాపు నుంచో, తాళ్ళ మిల్లు నుంచో తెచ్చి నేరుగా కలపకండి. ముందు దులపండి, పొట్టు (పీచు మధ్య ఉండే ఆ గోధుమ రంగు పొడి) రాలిపోవాలి, ఎందుకంటే అది నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఆరి ముడుచుకుంటుంది, బలం మాత్రం ఏమీ ఇవ్వదు. తర్వాత డ్రమ్ములో ఒక రోజంతా నానబెట్టండి. నీళ్ళు టీ డికాక్షన్ రంగుకి వస్తాయి. పారబోసి ఇంకోసారి. రెండోసారి రంగు పలచబడితే చాలు. పచ్చి ఇటుకలకైతే ఈ కడగడం కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, సిమెంట్ కలిపే పనికి మాత్రం తప్పనిసరి. నారలో కరిగే చక్కెరలు, వగరు పదార్థాలు సిమెంట్ గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తాయి. సముద్రం ఒడ్డున నానబెట్టిన పీచైతే ఉప్పు కూడా ఉంటుంది, దగ్గర్లో ఇనుప కమ్మీలు ఉంటే తుప్పు.

కడిగి నీడలో ఆరబెట్టాక ముక్కలు చేయాలి. కొబ్బరి పీచు, గోగునార మూడు నాలుగు సెంటీమీటర్లు, వరిగడ్డి ఐదు దాకా. చాఫ్ కట్టర్ (గడ్డి తరిగే యంత్రం) ఉన్నవాళ్ళకి ఇది పది నిమిషాల పని, లేనివాళ్ళకి కత్తిపీటే దిక్కు. పొడవుంటే ఇంకా బాగా పట్టుకుంటుంది కదా అనిపిస్తుంది, కానీ పొడవు పీచు కలిపేటప్పుడు చిక్కుపడి ఉండ కడుతుంది, ఆ ఉండ ఉన్న చోటే ఇటుక విరుగుతుంది. ముక్కలు చేశాక చేత్తో విడదీసి, పత్తి ఏకినట్టు గుల్లగా చేసి పెట్టుకోండి.

చెదల భయం ఉన్న చోట, అంటే దాదాపు మన ఊళ్ళన్నిట్లో, ఆఖరి నానబెట్టుకి బోరాక్స్ ఒకటిన్నర వంతు, బోరిక్ యాసిడ్ ఒక వంతు కలిపి, వంద లీటర్ల నీళ్ళకి మొత్తం నాలుగైదు కిలోల మందు పడేలా చూసుకోండి. వెదురుకి పట్టించేదీ ఇదే మందు. చేతులకి గ్లౌజులు, ఆ నీళ్ళు పశువులు తాగకుండా జాగ్రత్త. వాన నీళ్ళు తగిలితే ఈ మందు కొట్టుకుపోతుంది కాబట్టి గోడ లోపలి పనికే దీన్ని నమ్ముకోండి.

అడుసు తొక్కడం

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఇటుకలు చేసేవాడికి ఆ సామెత పనికిరాదు, తొక్కే తీరాలి.

సాయంత్రం మట్టిని గుంటలోనో, టార్పాలిన్ మీదో పోసి నీళ్ళు పెట్టి రాత్రంతా నాననివ్వండి. పొద్దున నీళ్ళు మట్టిలోకి ఇంకి, గడ్డలు వాటంతటవే విరిగి ఉంటాయి. తొక్కి మెత్తగా చేశాకే పీచు. వంద కిలోల పొడి మట్టికి వరిగడ్డి అయితే కిలో, కొబ్బరి పీచు అయితే అరకిలో, ఇది మొదలుపెట్టే లెక్క, మీ పెట్టె పరీక్ష వేరేలా చెప్తే దాన్నే వినండి. కిలో అంటే తక్కువ అనిపిస్తుంది కానీ తరిగిన గడ్డి కిలో అంటే పెద్ద బకెట్ నిండా ఉంటుంది. గడ్డి రెండు కిలోలు దాటిందా, ఇటుక బలం తగ్గడం మొదలవుతుంది.

పీచుని ఒకేసారి గుమ్మరించకండి. అడుసుని జానెడు మందాన పరిచి, వడియాల మీద కారం చల్లినట్టు పలచగా చల్లి, తొక్కి, పారతో తిరగేసి, మళ్ళీ చల్లి, మళ్ళీ తొక్కి, ఇలా నాలుగైదు విడతలు. చివర్లో ఒక ముద్ద తీసి రెండుగా చీల్చి చూడండి, ఎక్కడా ఉండ కనిపించకూడదు, చీలిన అంచు నిండా వెంట్రుకల్లా పీచు సమంగా నిక్కబొడుచుకుని ఉండాలి.

గడ్డి కలిపిన అడుసుని తడి గోనె కప్పి రెండు మూడు రోజులు పులియనిస్తే ఇంకా బాగుంటుంది. వాసన కొడుతుంది, పక్కింటివాళ్ళు అడుగుతారు, నవ్వేయండి. గడ్డి కాస్త మెత్తబడి జిగురు వదులుతుంది, బంక మట్టి నీళ్ళని పూర్తిగా పీల్చుకుంటుంది, అచ్చులో పని సాఫీగా సాగుతుంది. అలా అని నెలలు వదిలేస్తే గడ్డి కుళ్ళి పిప్పి అయిపోతుంది.

అచ్చు, ఆరబెట్టడం

అచ్చు 12 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 4 ఎత్తు ఉంటే ఆరిన ఇటుక ఎనిమిది కిలోల చుట్టూ తూగుతుంది, ఒక మనిషి అలవోకగా పెట్టగలడు. వంద కిలోల మట్టికి పన్నెండు వస్తాయి. అచ్చుని నీళ్ళలో ముంచి, చదును నేల మీద ఇసుక చల్లి పెట్టి, ముద్దని బలంగా విసిరి కొట్టండి, మూలల్లోకి వేళ్ళతో నొక్కండి, పైన చెక్కతో గీసి అచ్చు నిటారుగా లేపండి. లేపగానే ఇటుక కుంగితే నీళ్ళు ఎక్కువయ్యాయి.

మన ఎండలు ఇటుకకి శత్రువులు. పైపొర గంటలో ఎండిపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది, పగులుతుంది. మొదటి రెండు రోజులు గడ్డి కప్పండి లేదా చెట్టు నీడన చేయండి. మూడో రోజు పక్కకి నిలబెట్టండి, అడుగు వైపు కూడా గాలి తగలాలి. వారం తర్వాత సందులు వదిలి పేర్చండి. వాడకానికి వేసవిలో మూడు వారాలు పడుతుంది, చలికాలంలో నెల.

తర్వాత ఒక ఇటుకని నడుం ఎత్తు నుంచి మూల మీద పడేలా గట్టి నేల మీద వదలండి. మూల కాస్త రాలి మిగతాది నిలిస్తే పాస్. ముక్కలు చెక్కలైతే ఆ విడత మొత్తం మళ్ళీ అడుసులోకే. ఇంకోదాన్ని మధ్యకి విరిచి చూడండి, లోపల రంగు ముదురుగా ఉంటే ఇంకా ఆరలేదని అర్థం.

గోడ పెట్టేటప్పుడు సందుల్లో అదే మట్టి జల్లించి, పీచు సగం చేసి వాడండి. కింద అడుగున్నర ఎత్తు రాతి కట్టడం తప్పదు, పైన చూరు రెండు అడుగులు బయటికి రావాలి. నివాసపు ఇల్లు కడుతుంటే, పై అంతస్తు ఆలోచన ఉంటే, ఇది చదివి దిగకండి, మట్టి కట్టడాలు తెలిసిన ఇంజనీరుని పిలవండి. నేను చెప్పేది పొలం గది, కోళ్ళ షెడ్డు, వసారా గోడ స్థాయి పని.

గోడ పూత

పీచు విలువ కళ్ళారా కనపడేది ఇక్కడే. మొదటి పూతకి ఒక పాలు మట్టి, రెండు పాళ్ళు ఇసుక, ఇలా కలిపిన నాలుగు తట్టలకి తట్టెడు తరిగిన గడ్డి. గోడని తడిపి, చేత్తో విసిరి మెత్తండి, తాపీతో కాదు, విసిరితేనే సందుల్లోకి దిగుతుంది. మందం రెండు సెంటీమీటర్లు. ఆరేలోపు తాపీ మొనతో అడ్డదిడ్డంగా గీతలు పెట్టండి, రెండో పూతకి పట్టు దొరుకుతుంది. పూర్తిగా ఆరాక సన్న గీతలు కనిపిస్తే కంగారుపడకండి, వేలు దూరేంత బీటలు వస్తే ఇసుక పెంచాలి.

రెండో పూత సన్నది, నాలుగైదు మిల్లీమీటర్లు. దోమతెరలో జల్లించిన మట్టి ఒకటి, సన్న ఇసుక రెండు, పచ్చి పేడ అర పాలు. మళ్ళీ పీచు వేయాలా అని అడుగుతారు, పేడలోనే ఉంది కదా, ఆవు నమిలి సన్నగా చేసి ఇచ్చిన గడ్డి నార అది. ఇంకా కావాలంటే అర అంగుళం గోగునార ముక్కలు గుప్పెడు చాలు. చెమ్మగా ఉండగానే నున్నటి రాయితో రుద్దితే మెరుస్తుంది.

మెషిన్ ఇటుకలు, సిమెంట్ పనులు

చేతి ప్రెస్‌తో నొక్కే సిమెంట్ మట్టి ఇటుకల్లోనూ పీచు వేయొచ్చు, కానీ అక్కడ చేయి తేలిగ్గా ఉండాలి. వెయ్యి కిలోల మట్టికి ఒక సిమెంట్ బస్తా, అంటే ఐదు శాతం, దానికి కొబ్బరి పీచు రెండున్నర నుంచి ఐదు కిలోల లోపు, ముక్క రెండున్నర సెంటీమీటర్లు. ఎక్కువైతే ప్రెస్ లోపల నలిగిన పీచు స్ప్రింగులా మళ్ళీ లేస్తుంది, ఇటుక బయటికి రాగానే పక్కల వెంట పొర పగుళ్ళు. మట్టి కట్టడాల మీద పనిచేసే ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ప్రెస్ ఇటుకకి మంచి మట్టిగా చెప్పే లెక్క గులకరాళ్ళు 15, ఇసుక 50, ఒండ్రు 15, బంక 20 శాతం, పీచు వేసినా వేయకున్నా దానికి దగ్గరగా ఉండండి. తడి చూడాలంటే గుప్పెట్లో ఉండ చేసి భుజం ఎత్తు నుంచి వదలండి, నాలుగైదు ముక్కలైతే సరి, పొడైతే నీళ్ళు చాలలేదు, ముద్దగానే ఉంటే ఎక్కువయ్యాయి. ఇవి పచ్చి ఇటుకల్లా ఎండబెట్టేవి కావు, నాలుగు వారాలు తడుపుతూ ఉండాలి.

ఇక సిమెంట్ ప్లాస్టరింగ్. బస్తా సిమెంట్‌కి పావుకిలో కడిగిన పీచు, రెండు సెంటీమీటర్ల ముక్కలు, ముందే తడిపి పిండి వేయండి, లేకపోతే మాల్‌లోని నీళ్ళు అది తాగేస్తుంది. కొత్తలో వచ్చే ఎండ పగుళ్ళు బాగా తగ్గుతాయి. తర్వాతి సంగతి మాత్రం ముందే తెలుసుకోండి: సిమెంట్ లోపల క్షారం చాలా ఎక్కువ, ఏళ్ళు గడిచేకొద్దీ అది నారలోని లిగ్నిన్‌ని, పక్కనున్న మెత్తటి పదార్థాలని తినేస్తుంది, నార గుల్లై సున్నం నిండి పెళుసైపోతుంది. పీఓపీలో ఈ బాధ లేదు, అందులో అంత క్షారం ఉండదు కాబట్టే సీలింగ్ పీచు ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. అందుకే ప్లాస్టరింగ్‌కి ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన పీపీసీ రకం సిమెంట్ తీసుకోండి, క్షారం కొంత తగ్గుతుంది. పిల్లర్లు, బీములు, స్లాబుల్లో కమ్మీ తగ్గించి దాని బదులు పీచు వేస్తామని ఎవరైనా చెప్తే వాళ్ళని మీ స్థలంలోకి రానివ్వకండి.

కట్టాక చేయాల్సిన పని

మొదటి వానాకాలం అయ్యాక గోడ చుట్టూ ఒకసారి తిరగండి. చూరు నీళ్ళు చిమ్మిన చోట పూత కరిగి, పీచు గడ్డంలా బయటికి కనిపిస్తుంది. దాన్ని పీకేయకండి. అక్కడ నీళ్ళు చిలకరించి, రెండో పూత మట్టినే పలచగా చేసి ఆ నారల మీదే మెత్తితే కొత్త మట్టి వాటిని పట్టుకుంటుంది. నా గదికి పడమటి గోడ కింద రెండు అడుగుల మేర ఏటా ఇలా చేయాల్సొస్తోంది, అరబస్తా మట్టి, ఒక పూట పని. మిగతా మూడు గోడలు కట్టినప్పటి పూతతోనే ఉన్నాయి.